ఇసుకలో కిలోమీటరు, డాంబర్ రోడ్డు మీద పది

ఫిబ్రవరి చివర్లో మా బావ కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఒకటి, దోస్తు మారుతి జిమ్నీ (పెట్రోలుది) ఒకటి, రెండు బండ్లలో ఏడుగురం హనుమకొండ నుంచి ఏటూరునాగారం వెళ్లాం. ఎలక్ట్రిక్ బండి ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు, మాది. ములుగు దాటేదాకా అందరి కళ్లూ బ్యాటరీ శాతం మీదే. 92తో బయల్దేరాం, రామన్నగూడెం దగ్గర గోదావరి ఒడ్డుకు చేరేసరికి 66 ఉంది. ఎండలు మొదలయ్యాక గోదావరి సన్నబడి ఇసుక మేటలు బయటపడతాయి కదా, ట్రాక్టర్లు తిరిగిన జాడ కూడా కనిపించింది, ఇంకేం, బావ బండి దింపాడు.

కిలోమీటరున్నర హాయిగా పోయింది. ఫొటో కోసం ఆగాం. మళ్లీ కదలబోతే నాలుగు చక్రాలూ గుంతలు తవ్వుకొని కూర్చున్నాయి, బండి కడుపు ఇసుకకు ఆనింది. ఏడుగురం తోశాం, జానెడు కూడా జరగలేదు. జిమ్నీ కూడా అక్కడే ఒకసారి దిగబడింది, కానీ ముగ్గురు తోసేసరికి బయటికి వచ్చింది. చివరికి ఊర్లోంచి ట్రాక్టరు తెచ్చుకోవాల్సి వచ్చింది. ట్రాక్టరు ఆయన తాడు కట్టకముందే అడిగిన మొదటి మాట: "ఎన్ని క్వింటాళ్లుంటదే బండి?" ఇరవై మూడు దాకా ఉంటదని బావ చెప్పాడు. "అంటే ఒడ్లు నింపిన ట్రాలీ తీస్కచ్చి ఇసుకల వెట్టిన్రన్నట్టు" అన్నాడాయన. అంతకన్నా బాగా ఈ విషయాన్ని ఎవరూ చెప్పలేరు గానీ, లెక్కలు చూస్తేనే తృప్తి అనేవాళ్ల కోసం ఈ వ్యాసం.

రాత్రి ఇంటికి చేరేసరికి బ్యాటరీలో ఇంకా 30 శాతం పైనే మిగిలింది. అంటే పొద్దంతా టెన్షన్ పడింది రేంజి (ఒక్క ఛార్జితో పోగల దూరం) గురించి, మమ్మల్ని ఇరికించింది మాత్రం బరువు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు, ఒకదాని తోక ఇంకోదాని నోట్లో ఉంటుంది. రేంజి చాలదని పెద్ద బ్యాటరీ పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే మెత్తటి నేలలో కరెంటు ఎక్కువ తింటుంది, దిగబడే అవకాశమూ పెరుగుతుంది. డాంబర్ రోడ్డు మీద ఈ చిక్కుముడి పెద్దగా కనిపించదు. రోడ్డు దిగితేనే తెలుస్తుంది.

ముందు ఇంధనం సంగతి. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు. పెట్రోలు నీళ్ల కన్నా తేలిక కాబట్టి అది 30 కిలోల బరువే. కరెంటు బిల్లు భాషలో చెప్తే లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, అంటే ట్యాంకు మొత్తం 360 యూనిట్లు. లిథియం బ్యాటరీలో, పెట్టె, చల్లబరిచే పైపులు, తీగలు అన్నీ కలిపి చూసుకుంటే, కిలోకు 150 వాట్ అవర్ల చుట్టూ, అంటే 0.15 యూనిట్ల శక్తి పడుతుంది. 360 యూనిట్లు పట్టే బ్యాటరీ కావాలంటే 24 క్వింటాళ్లు తూగుతుంది. ముప్పై కిలోలకు బదులు ఇరవై నాలుగు క్వింటాళ్లా అని ఎలక్ట్రిక్ బండ్లను తిట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు. ఇంజన్ ఆ 360లో మూడొంతులు వేడిగా, పొగగా తగలేసి ఒక వంతే చక్రానికి ఇస్తుంది. చక్రానికి అందేది 90 యూనిట్లు. మోటారు అంత దుబారా చేయదు, తీసుకున్న దాంట్లో 85, 90 శాతం చక్రానికి ఇచ్చేస్తుంది. కాబట్టి జిమ్నీ ట్యాంకుతో సమానం కావాలంటే 100 యూనిట్లకు కాస్త ఎక్కువ బ్యాటరీ చాలు. అది దాదాపు 700 కిలోలు. ఇంజను, గేర్‌బాక్సు, సైలెన్సరు తీసేస్తాం కాబట్టి రెండు మూడు వందల కిలోలు కలిసొస్తాయి. అయినా నాలుగు క్వింటాళ్ల పైన నికరంగా అదనపు బరువే. ఇంకో చిన్న తేడా కూడా ఉంది: పెట్రోలు కాలేకొద్దీ బండి తేలికవుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువుంటుంది.

బరువు పెంచి రేంజి కొనుక్కోవడం ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే అమెరికా వైపు చూడాలి. జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్ మొదటి మోడల్ బరువు దాదాపు 4,100 కిలోలు. దాని బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలు. మన ఐదు డోర్ల జిమ్నీ మొత్తం బండి 1,200 కిలోలు. అంటే హమ్మర్ బ్యాటరీ తీసి పక్కన పెడితే మన బండి కన్నా బరువన్నమాట! అంత మోసుకొని అది మంచి రోడ్డు మీద ఇచ్చేది 329 మైళ్లు, అంటే 530 కిలోమీటర్లు. జిమ్నీ 40 లీటర్లతో హైవే మీద లీటరుకు పదిహేను చొప్పున ఆరొందలు పోతుంది. రెండూ ఒకే తరగతి బండ్లు కావు, హమ్మర్ బలమే వేరు, ఒప్పుకుంటాను. కానీ అడవిలో తిరగడానికి బండి కావాలనుకునేవాడికి ఈ పోలిక చాలా చెప్తుంది.

బ్యాటరీ రెట్టింపు చేస్తే రేంజి రెట్టింపు కాదనడానికి ఇంకా శుభ్రమైన ఉదాహరణ పొలారిస్ కంపెనీ రేంజర్ కైనెటిక్. పొలాల్లో, గుట్టల్లో తిరగడానికే చేసిన చిన్న బండి అది, 2021 డిసెంబరులో చూపించారు. 14.9 యూనిట్ల బ్యాటరీతో 45 మైళ్లు, సరిగ్గా రెట్టింపు 29.8 యూనిట్లతో 80 మైళ్లు అని కంపెనీయే చెప్పుకుంది. రెట్టింపైతే 90 రావాలి కదా. ఆ పది మైళ్లలో ఎక్కువ భాగం రెండో బ్యాటరీ తనను తాను మోసుకోవడానికే పోయిందనుకోవచ్చు.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం, ఎందుకంటే కంపెనీ కాగితం మీద లేనిది అదే.

చక్రం దొర్లుతుంటే నేల వెనక్కి పట్టి లాగుతుంది. ఎంత లాగుతుందనేది బండి బరువులో ఒక వంతుగా చెప్తారు. మంచి డాంబర్ రోడ్డు మీద అది బరువులో ఒక శాతం, మహా అయితే ఒకటిన్నర. గట్టి మొరం బాట మీద రెండు నుంచి నాలుగు శాతం. వదులు ఇసుకలో ఇరవై శాతానికి పోతుంది, ఇంకా ఎక్కువ కూడా. మనుషులతో కలిపి రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ బండి ఇసుకలో కిలోమీటరు నడవాలంటే చక్రం దగ్గరే 1.36 యూనిట్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే 1.6. అదే బండి హైవే మీద కిలోమీటరుకు తినేది 0.16 చుట్టూ. సరిగ్గా పదింతలు. మా రామన్నగూడెం సాహసం రానుపోను మూడు కిలోమీటర్లు, మధ్యలో చక్రాలు గిర్రున తిరిగిన కరెంటు కూడా కలుపుకుంటే ఆరేడు శాతం బ్యాటరీ అక్కడే తాగేసింది. ములుగు దాకా వెనక్కి వచ్చే దూరంలో సగం అది.

నిజం చెప్పాలంటే పెట్రోలు బండికి కూడా ఇసుక దయ చూపించదు. మనుషులతో 1,400 కిలోల జిమ్నీకి చక్రం దగ్గర కావాల్సింది 0.76 యూనిట్లు, కానీ లో గేర్లో ఇంజను అరుస్తూ నడిచేటప్పుడు దాని పనితనం ఇంకా పడిపోతుంది, లీటరుకు రెండు కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే నిండు ట్యాంకుతో ఒట్టి ఇసుకలో 80, 85 కిలోమీటర్లు. 75 యూనిట్ల ఎలక్ట్రిక్ బండికి 47. శాతాల్లో చూస్తే ఎలక్ట్రిక్‌దే ఎక్కువ పతనం, కానీ ఇద్దరూ బోర్లా పడ్డవాళ్లే. ఇసుకలో ఎవడూ వంద కిలోమీటర్లు తిరగడు కాబట్టి ఈ సంఖ్యలతో నేరుగా పని లేదు. పని ఉన్నది నిష్పత్తితో: ఇసుకలో కిలోమీటరు పోయావంటే డాంబర్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయినట్టు రాసుకోవాలి.

మరి దిగబడడం? టైరు నేలను ఎంత గట్టిగా నొక్కుతుందనేది దాదాపుగా టైర్లో గాలి ఎంతుందో అంతే. మావాడి టైర్లలో 36 పీఎస్‌ఐ ఉంది, స్టిక్కరు మీద రాసినట్టే. ఇసుకలో దిగేముందు 18, 20కి దించుకుంటే టైరు వెడల్పుగా, ముఖ్యంగా పొడుగ్గా పరుచుకొని నేల మీద తేలుతుంది. మేం దించలేదు, అదీ మా తప్పు. కానీ ఇక్కడ కూడా బరువు తన వాటా అడుగుతుంది. బరువైన బండికి గాలి మరీ తగ్గిస్తే రిమ్ము నేలకు కొట్టుకుంటుంది, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదమూ ఉంది. పైగా రేంజి కోసం, అందం కోసం చాలా ఎలక్ట్రిక్ బండ్లకు పెద్ద రిమ్ములు, సన్నని సైడ్‌వాల్, తక్కువగా లాగే టైర్లు ఇస్తున్నారు. రోడ్డు మీద కిలోమీటర్లు పెంచే టైరే ఇసుకలో ముంచుతుంది.

రేగడి నేలలో వాన పడ్డాక కథ ఇంకా అన్యాయం. అక్కడ గాలి తగ్గించినా లాభం తక్కువ, మట్టి టైరుకు మెత్తుకొని పట్టే పోతుంది. పరకాల, భూపాలపల్లి వైపు రేగడి బాటల్లో జులైలో దిగిన ఎవరినడిగినా చెప్తారు. అలాంటి చోట గెలిచేది తేలికైన బండి, లేదా ట్రాక్టరు. మధ్యలో ఉన్నవాళ్లందరూ ఒకళ్ల కోసం ఒకళ్లు తాళ్లు పట్టుకొని నిలబడాల్సిందే. దిగబడిన ఎలక్ట్రిక్ బండిని నాలుగడుగులు బయటికి లాగడం వేరు, చక్రాలు నేల మీద ఉంచి ఊరిదాకా లాక్కుపోవడం వేరు. చక్రం తిరిగితే మోటారు జనరేటరు అవుతుంది, అందుకే చాలా కంపెనీలు అలా లాగొద్దనే రాస్తాయి.

ఇంతా చదివి ఎలక్ట్రిక్ బండి రోడ్డు దిగడానికే పనికిరాదని నేనంటున్నట్టు అనిపిస్తే, ఆగండి. ఇసుక, బురద తీసేస్తే మన దగ్గర ఎక్కువగా ఉండేది మొరం బాటలు, చెలకల మధ్య బండ్ల బాటలు. అక్కడ గంటకు పదిహేను, ఇరవై మించి పోలేం. ఆ వేగంలో గాలి అడ్డమే ఉండదు. గట్టి మొరం మీద లెక్క వేస్తే కిలోమీటరుకు 0.2 యూనిట్లు, అంటే హైవేకూ దీనికీ పెద్ద తేడా లేదు. డీజిల్ ఇంజనుకు ఈ నత్తనడకే అసలు శాపం, నిలబడి ఉన్నా గంటకు అరలీటరు పైన తాగుతూనే ఉంటుంది. మేడారం జాతర జామ్‌లో పస్రా నుంచి అడుగులో అడుగేసుకుంటూ పోయినవాళ్లకు తెలుసు. 2026 జాతర జనవరి 28 నుంచి 31 దాకా కదా, ఆ చలిలో ఏసీ కూడా అక్కర్లేదు, ఎలక్ట్రిక్ బండి ఆగితే ఆగినట్టే, దాదాపు ఏమీ తినదు.

ఏసీ అన్నాను కాబట్టి ఎవరూ చెప్పని ముక్క ఒకటి. మే నెలలో 44 డిగ్రీల్లో పెద్ద బండి ఏసీకి రెండు కిలోవాట్ల దాకా పోవచ్చు. హైవే మీద గంటకు ఎనభై పోతుంటే అది కిలోమీటరుకు 0.025 యూనిట్లు, లెక్కలోకే రాదు. అడవి బాటలో గంటకు పన్నెండు పోతుంటే? కిలోమీటరుకు 0.17. దాదాపు బండి నడవడానికి ఎంత కావాలో చల్లగా కూర్చోవడానికీ అంతే! నిండు బ్యాటరీతో 375 కిలోమీటర్లు రావాల్సింది 200కు పడిపోతుంది. బ్యాటరీ బండికి రోడ్డు మీద శత్రువు వేగం, బాట మీద శత్రువు సమయం. రెండో సంగతి అర్థమైనవాడు మే నెలలో అద్దాలు దించుకుంటాడు, లేదా ఇంటి దగ్గరే పడుకుంటాడు.

బరువుకు మంచి కూడా ఉంది. బ్యాటరీ అంతా బండి అడుగున పలకలా పరిచి ఉంటుంది కాబట్టి వాలు మీద బోల్తా కొట్టే భయం తక్కువ. గాలి పీల్చే ఇంజను లేదు కాబట్టి నీళ్లలో ఊపిరాడక ఆగిపోయేదీ లేదు. మెర్సిడెస్ జీ క్లాస్ దీనికి మంచి కొలబద్ద, ఎందుకంటే ఒకే డబ్బా ఆకారంలో డీజిల్‌దీ ఉంది, ఎలక్ట్రిక్‌దీ ఉంది. ఎలక్ట్రిక్ జీ 580 బరువు 3,085 కిలోలు, డీజిల్ దానికన్నా ఐదారు క్వింటాళ్లు తక్కువ. కానీ నీళ్లలో లోతు చూస్తే మామూలు జీ క్లాస్‌కు 700 మిల్లీమీటర్లు, ఎలక్ట్రిక్‌కు 850. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, ఒక్కోదానికి విడిగా లో గేరు. అడుగున బ్యాటరీకి రాళ్లు తగలకుండా 26 మిల్లీమీటర్ల మందం పలక. రేంజి మాత్రం 116 యూనిట్లు మోసుకొని కూడా యూరప్ పరీక్షలో 473 కిలోమీటర్లే, డీజిల్‌ది వంద లీటర్ల ట్యాంకు. మూడు కోట్ల బండి గురించి మనకెందుకు అంటారా, నిజమే, కానీ డబ్బుకు కొదవ లేకపోయినా బరువుకూ రేంజికీ మధ్య లెక్క తప్పించుకోలేకపోయారని చూపించడానికి చెప్పాను.

నీళ్ల లోతు సంఖ్య చదివి జంపన్నవాగులో దించకండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు వాగులు ఏం చేశాయో చూశాం. ఆ సంఖ్య నిలకడ నీళ్లకు, ఉరికే నీళ్లకు కాదు. ఇంకోటి, ఏటూరునాగారం అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా బండి తిప్పడం చట్టరీత్యా నేరం, అది ఎలక్ట్రిక్ అయినా, చప్పుడు లేకపోయినా.

మన మార్కెట్లో ఇప్పుడు నాలుగు చక్రాలూ తిప్పే ఎలక్ట్రిక్ బండి అంటే ముందు గుర్తొచ్చేది 2025 జూన్‌లో వచ్చిన టాటా హారియర్. 75 యూనిట్ల బ్యాటరీ, ముందొక మోటారు, వెనకొక మోటారు, ఒకే గేరు. పరీక్ష రేంజి 622 అని, నిజ వాడకంలో 460 నుంచి 490 అని కంపెనీయే రెండు సంఖ్యలూ ఇచ్చింది. అలా ఇవ్వడం నాకు నచ్చింది. నీళ్ల లోతు 600 మిల్లీమీటర్లు. దీని పక్కన డీజిల్ థార్ పెడితే: 57 లీటర్ల ట్యాంకు, 650 మిల్లీమీటర్ల నీళ్లు, పదిహేడు, పద్దెనిమిది క్వింటాళ్ల బరువు, లో గేరు. మోటారుకు సున్నా నుంచే పూర్తి బలం ఉంటుంది కాబట్టి లో గేరు అక్కర్లేదంటారు కొందరు. కొంతవరకే నిజం. గుట్ట ఎక్కుతూ చక్రం దాదాపు ఆగినంత నెమ్మదిగా తిరుగుతుంటే, బలమంతా వేడిగా మారి మోటారు తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేస్తుంది. లో గేరుంటే మోటారు వేగంగా తిరుగుతూ చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, వేడి తక్కువ. జీ 580లో ఆ గేరు పెట్టింది ఊరికే కాదు.

బ్యాటరీకీ ట్యాంకుకూ మధ్య రాజీ బండ్లూ ఉన్నాయి. జీప్ రాంగ్లర్ 4ఎక్స్‌ఈ 17 యూనిట్ల బ్యాటరీతో 21 మైళ్లు కరెంటు మీద పోయి తర్వాత పెట్రోలుకు మారుతుంది. అడవి బాట ఇరవై ముప్పై కిలోమీటర్లే కాబట్టి ఆలోచన బాగుంది, కానీ ఇంజనూ మోయాలి, బ్యాటరీ కూడా మోయాలి, పెట్రోలు రాంగ్లర్ కన్నా మూడు క్వింటాళ్ల పైన ఎక్కువ. ఇంకో దారి, బండిని పూర్తిగా మోటారుతో నడిపి, బ్యాటరీ నింపడానికి మాత్రం చిన్న పెట్రోలు జనరేటరు పెట్టడం. 2024 అక్టోబరులో స్కౌట్ కంపెనీ చూపించిన బండ్లలో బ్యాటరీ మీద 350 మైళ్లు, జనరేటరుతో 500 మైళ్ల పైన అన్నారు. రోడ్డు దిగే బండికి అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే రేంజి కోసం క్వింటాళ్ల కొద్దీ బ్యాటరీ మోయకుండా, డబ్బాలో పట్టుకెళ్లగల దాంతో సరిపెట్టుకోవచ్చు. ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా నాలుగు కిలోల లోపే, అడవి బాటలో కూడా 50, 60 కిలోమీటర్లు ఇస్తుంది. అంత దూరానికి సరిపడా అదనపు బ్యాటరీ కావాలంటే 90 కిలోలు. మన ఏజెన్సీ ఊర్లలో కిరాణం ముందు నీళ్ల సీసాల్లో పెట్రోలు అమ్ముతారు, సీసాలో కరెంటు అమ్మేవాడు ఇంకా పుట్టలేదు. అయితే ప్లగ్గు లేని ఊరు కూడా లేదు. తాడ్వాయిలో రాత్రికి గది తీసుకొని 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే గంటకు మూడు యూనిట్లు, తెల్లారేసరికి హనుమకొండ చేరడానికి సరిపోయేంత ఎక్కుతుంది. తొందర లేనివాడికి ఎలక్ట్రిక్ బండి అంత ఇబ్బంది కాదు.

ఈ లెక్కలన్నీ నర్సంపేట దగ్గర మా కాకకు చెప్తుంటే ఆయన కార్ల గురించి ఒక్క ముక్క పట్టించుకోలేదు. "బ్యాటరీ గంత బరువుంటదంటివి గదా బిడ్డా, మరి ట్రాక్టరుకు పెడితే మంచిదే గదా, మేం పైసలిచ్చి ఇనుప ముక్కలు తగిలిస్తున్నం" అన్నాడు. నిజమే. చెలక దున్నేటప్పుడు పట్టు కోసం ట్రాక్టరు ముందు ఇనుప దిమ్మలు పెడతారు, వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. బరువును చేతులారా పెంచుకునే బండి ఇది. రోడ్డు దిగే బండి అంటే మనకు థార్ గుర్తొస్తుంది గానీ ఉత్తర తెలంగాణలో అసలు రోడ్డు దిగే బండి ట్రాక్టరే.

దానికి రేంజి కిలోమీటర్లలో కాదు, గంటల్లో. సోనాలికా 2020 డిసెంబరులో టైగర్ ఎలక్ట్రిక్ తెచ్చింది: 15 హార్స్‌పవర్, 25.5 యూనిట్ల బ్యాటరీ, మొదటి ధర 5.99 లక్షలు, ఎనిమిది గంటలు వస్తుందని కంపెనీ మాట. 25.5ను ఎనిమిదితో భాగిస్తే గంటకు మూడు యూనిట్ల పైచిలుకు. అంటే తోటల్లో మందు కొట్టడం, చిన్న ట్రాలీ లాగడం లాంటి తేలిక పని. అదే 45 హార్స్‌పవర్ ట్రాక్టరు రొటవేటరు వేసుకొని గంటకు ఐదు లీటర్ల డీజిల్ తాగితే, అందులో పనికొచ్చేది పద్నాలుగు యూనిట్లు. టైగర్ బ్యాటరీ అయితే రెండు గంటలు కూడా రాదు. ఎనిమిది గంటలు కావాలంటే 110 యూనిట్ల పైన, 750 కిలోలు. రెండు టన్నుల ట్రాక్టరుకు ఆ బరువు చెలకలో మంచిదే. నాట్లప్పుడు కేజ్ వీల్స్ (ఇనుప చట్రం చక్రాలు) వేసుకొని కరిగెటలో, అంటే బురద మడిలో దిగితే మాత్రం అదే 750 కిలోలు ట్రాక్టరును ఇరుసు దాకా ముంచుతుంది, అడుగు మన్నును గట్టిపరుస్తుంది. పైగా అంత బ్యాటరీ ధర ట్రాక్టరు ధరతో పోటీ పడుతుంది. అసలు అడ్డంకి ఇంకోటి: నాట్ల సీజనులో ట్రాక్టరు పగలూ రాత్రీ తిరుగుతుంది, డ్రైవర్లు మారతారు గానీ బండి ఆగదు. డీజిలు డబ్బాలో గట్టు మీదికే వస్తుంది. పదిహేను ఇరవై రోజుల్లో ఏడాది సంపాదన చూసుకునేవాడికి ఛార్జింగు కోసం ఆరు గంటలు ఆపమంటే వాడు మనల్ని ఆపుతాడు.

ఇంకా పెద్దవాటి దగ్గరికి పోతే లెక్క మళ్లీ తిరగబడుతుంది. స్విట్జర్లాండులో ఒక సున్నపురాయి క్వారీలో కొమాట్సు డంపరుకు 600 యూనిట్ల బ్యాటరీ పెట్టారు, బ్యాటరీ బరువే నాలుగున్నర టన్నులు. ఖాళీగా 45 టన్నుల బండి కొండ ఎక్కి, 65 టన్నుల రాయి నింపుకొని కిందికి దిగుతుంది. దిగేటప్పుడు మోటార్లే బ్రేకులై కరెంటు తయారుచేస్తాయి, ఎక్కడానికి పోయిన దానికన్నా దిగడంలో వచ్చేది ఎక్కువ. దానికి రేంజి అనే ప్రశ్నే లేదు. మరి మన భూపాలపల్లిలో, రామగుండంలో పెడితే? సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో దీనికి తలకిందులు, ఖాళీగా గోతిలోకి దిగి బొగ్గు నింపుకొని పైకి ఎక్కాలి. వంద టన్నులు మోసే డంపరు తన బరువుతో కలిపి 170 టన్నులనుకుంటే, వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికే 46 యూనిట్లు. ఇరవై ట్రిప్పులకు తొమ్మిదొందల పైన. అంత బ్యాటరీ ఆరు టన్నులు తూగుతుంది, కారు భాషలో అది రాక్షసం గానీ 170 టన్నుల్లో ఆరంటే లెక్కలోది కాదు. అక్కడ బరువు సమస్య కాదు, ఛార్జింగు కోసం ఆగితే షిఫ్టు ఆగడమే సమస్య.

చిన్నవాటి వైపు వస్తే బైకులు. పాత కేటీఎం ఫ్రీరైడ్ ఎలక్ట్రిక్ 3.9 యూనిట్లతో 110 కిలోల చుట్టూ ఉండేది, మొదటి స్టార్క్ వార్గ్ 6 యూనిట్లతో దాదాపు 118. 450 సీసీ పెట్రోలు మోటోక్రాస్ బైకు కూడా 110 చుట్టే. అంటే బరువులో కొంచెమే తేడా. ఎందుకు కుదిరింది? ఇవి గంటో గంటన్నరో ఒకే చోట చుట్టూ తిరిగి డేరా దగ్గరికి వచ్చే బండ్లు, రేంజి ఎక్కువ అడగలేదు కాబట్టి బ్యాటరీ చిన్నది. అదే ఎలక్ట్రిక్ బైకు మీద హనుమకొండ నుంచి బొగత జలపాతం దాకా పోయి రావాలంటే రానుపోను 280 కిలోమీటర్ల పైన, అప్పుడు 10 యూనిట్ల బ్యాటరీ, రెండొందల కిలోల బండి కావాలి. హీరో ఎక్స్‌పల్స్ 13 లీటర్లు పోసుకొని 160 కిలోల్లో ఆ పని చేసి, ఇంకా మిగుల్చుకొని వస్తుంది.

బరువూ రేంజీ రెండూ సరిగ్గా కుదిరిన ఎలక్ట్రిక్ బండి ఏదైనా ఉందా అంటే, నా ఓటు 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి పోయిన రోవర్‌కు. భూమ్మీద తూకం 210 కిలోలు, మోసేది 490 కిలోలు. తన బరువుకు రెట్టింపు పైన మోసే కారు మనకు బజార్లో దొరకదు. ఒక్కో చక్రానికి పావు హార్స్‌పవర్ మోటారు. బ్యాటరీలు మళ్లీ ఛార్జి చేసేవి కావు, 92 కిలోమీటర్లకు సరిపోతాయని లెక్క. అయినా 1972 డిసెంబరులో అపోలో 17 వాళ్లు మొత్తం తిరిగింది దాదాపు 36 కిలోమీటర్లు, దిగిన చోటు నుంచి ఎంత దూరం పోయినా ఏడున్నర కిలోమీటర్ల చుట్టే. బ్యాటరీ చాలక కాదు. బండి ఆగిపోతే సిలిండర్లో ఆక్సిజన్ అయిపోయేలోపు నడిచి వెనక్కి రాగలిగినంత దూరమే పోవాలని నియమం పెట్టుకున్నారు.

బావకు ఈ కథ బాగా ఎక్కింది. ఇప్పుడు రోడ్డు దిగే ముందు ఆయన చూసేది శాతం ఒక్కటే కాదు. ఇంటికి పోవడానికి ఎంత కావాలో దానికి పదిహేను శాతం కలిపి పక్కన పెడతాడు, మిగిలిన దాన్ని బాటకు కిలోమీటరుకు 0.4 యూనిట్లు, ఇసుకకు 1.6 చొప్పున భాగించుకుంటాడు. డిక్కీలో గాలి కొలిచే మీటరు, చిన్న కంప్రెసరు, రెండు పాత రబ్బరు మ్యాట్లు, పది మీటర్ల మోకు. ఆ మ్యాట్లు ఈమధ్య పాకాల వైపు ఒకసారి పనికొచ్చాయి కూడా, ట్రాక్టరు పిలవకుండానే బయటపడ్డాం. ఫోన్లో మాత్రం రామన్నగూడెం ట్రాక్టరు ఆయన నంబరు ఇంకా ఉంది. ఆయన ఆ రోజు తీసుకున్నది ఎనిమిది వందలు, జిమ్నీ అయితే ఐదొందలకే లాగేవాణ్ణన్నాడు.